మా ఇంటికి దేవుడు రాజు, నాన్న ఫోర్‌మాన్

మొన్న ఒక పెళ్లికని భిలాయి వెళ్లాను. పెళ్లి సాయంత్రం, పొద్దుటి పూటంతా ఖాళీ. విడిదింట్లో ఊరికే కూర్చోలేక ఆటో మాట్లాడుకుని మా పాత క్వార్టరు చూడ్డానికి బయల్దేరాను. నాన్న రిటైరైనప్పుడు వదిలేసిన ఇల్లది. ఇప్పుడందులో ఎవరో బిహారు వాళ్లుంటున్నారు. గేటు దగ్గర నిలబడి తొంగి చూస్తున్న నన్ను ఏదో అమ్మడానికొచ్చిన మనిషిననుకుని ఆ ఇంటావిడ ముందు "నహీ చాహియే" అంది. నేనీ ఇంట్లోనే పెరిగానని చెప్పేసరికి "అరే దీదీ, అందర్ ఆయియే నా" అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, వద్దన్నా వినకుండా టీ పెట్టింది. ముందు గదిలో కూర్చుని నాలుగు గోడలూ చూస్తుంటే నాకు ఆశ్చర్యమేసింది. ఇంత చిన్న గదా ఇది! ఇందులో నాన్న, అమ్మ, నేను, తమ్ముడు, కొన్నాళ్లు అమ్మమ్మ, వీళ్లందరి మీదా రాజ్యం చేసిన దేవుడు, ఇంతమందిమి ఎలా పట్టాం? టీ చల్లారిపోతున్నా తాగకుండా అదే ఆలోచిస్తూ కూర్చున్నాను.

నాన్న కోక్ ఓవెన్లలో పని చేసేవాడు. బొగ్గుని కాల్చి కోకు చేసే చోటు. ఎర్రగా కాలిన కొలుముల పక్కన ఎనిమిది గంటలు నిలబడి ఇంటికొచ్చేసరికి కనురెప్పల అంచుల్లో కాటుక పెట్టినట్టు మసి ఉండేది. ఎన్నిసార్లు ఉతికినా ఆయన బనియన్లు తెల్లబడ్డం నేను చూడలేదు. గ్యాసు వాసన, చెమట వాసన, ఆ మీద రుద్దుకున్న ఎర్ర సబ్బు వాసన కలిసి ఒకటయ్యేవి, మా దృష్టిలో అదే నాన్న వాసన. అమ్మ వాసన వేరు. సాయంత్రం పెరట్లో సిగ్డీ, అంటే బొగ్గుల కుంపటి, అంటించి, పొగ తగ్గేదాకా విసనకర్రతో విసిరి, ఎర్రబడ్డాక లోపలికి తెచ్చేది. కాబట్టి అమ్మ దగ్గరా పొగ వాసనే. పక్క క్వార్టర్ల వాళ్ల సిగ్డీల పొగ, ప్లాంటు చిమ్నీల పొగ అన్నీ కలిసి చలికాలం సాయంత్రాలు వీధి వీధంతా నీలంగా ఉండేది. పొగలో పుట్టి పొగలో పెరిగిన మా ఇంట్లో పొగ గురించే ఇంత గొడవ జరగడం విడ్డూరమే.

అసలు కథ మా చర్చి వాళ్లు పెట్టిన ఒక ఉజ్జీవ కూటంతో మొదలైంది. ఎక్కడినుంచో వచ్చిన ప్రసంగీకుడు మైదానంలో షామియానా కింద మూడు సాయంత్రాలు గొంతు చించుకుని "మీ ఇంటికి రాజెవరు? మీ హృదయ సింహాసనం మీద కూర్చున్నదెవరు?" అని అడిగాడట. నాన్న ఆఖరి రోజు కన్నీళ్లతో ఇంటికొచ్చాడు. అమ్మని, మమ్మల్ని వరసగా నిలబెట్టి, ఇవాళ్టినుంచి ఈ ఇంటికి యజమాని తను కాదనీ దేవుడేననీ ప్రకటించాడు. "ఆయన రాజు. నేను ఫోర్‌మాన్‌ని మాత్రమే" అన్నాడు. అమ్మ సందేహం అమ్మకొచ్చింది. "మరి రాజుగారి ఆర్డర్లు మాకు ఎవరు తెస్తారండీ?" అంది. "నేనే" అన్నాడు నాన్న. అమ్మ అన్నం వడ్డించడానికి లోపలికి పోయింది.

అలా మా ఇంట్లో దేవుడి పాలన మొదలైంది. ఆ పాలనలో ఒక చిత్రం నేనప్పుడే కనిపెట్టాను. దేవుడు వద్దన్నవన్నీ నాన్నకి ముందునుంచీ గిట్టనివే. ఆదివారం పొద్దున దేశమంతా టీవీ ముందు కూర్చునే వేళకి మా టీవీ మీద దుప్పటి పడింది. పేకముక్కలు సిగ్డీలోకి పోయాయి. తమ్ముడి గొట్టం ప్యాంటుకి కూడా పరలోకంనుంచి అభ్యంతరం వచ్చింది. టీ జోలికి మాత్రం దేవుడు రాలేదు, నాన్న రోజుకి ఆరేడు కప్పులు తాగేవాడు. ఆనపకాయ అంటే నాన్నకి చచ్చేంత అసహ్యం, దాన్ని కూడా దేవుడు ఏరోజైనా నిషేధిస్తాడని అమ్మ ఎదురుచూసేది. నాన్నని వెక్కిరించడానికి ఇదంతా చెప్పడం లేదు. ఆయన భక్తి నిజమైనది, కన్నీళ్లు నిజమైనవి. సింహాసనం నిజంగానే ఖాళీ చేశానని ఆయన నమ్మాడు. మరి లేచినవాడు పక్కకి జరగాలి కదా, చెయ్యి మాత్రం సింహాసనం మీదే ఉంచేశాడు.

మా ఇంట్లో కుటుంబ ప్రార్థన ఏ షిఫ్టుకి తగ్గట్టు ఆ వేళకి జరిగేది. చాప పరిచి అందరం మోకాళ్ల మీద ఉండి కళ్లు మూసుకోవాలి. నాన్న మొదలుపెట్టాలి, తర్వాత అమ్మ, తర్వాత నేను, చివర తమ్ముడు. ఒకరు ప్రార్థిస్తున్నప్పుడు ఇంకొకరు నోరెత్తకూడదు. దేవుడితో మాట్లాడుతున్న మనిషికి అడ్డు పడ్డం మహాపాపం. ఈ నియమంలో ఎంత సౌకర్యం ఉందో మొదట కనిపెట్టింది నాన్నే. మామూలుగా అయితే పప్పులో ఉప్పు ఎక్కువైందని ఆయనంటే అమ్మ మాటకి మాట అనేది. ప్రార్థనలో అయితే అనడానికి వీల్లేదు. కనుక "మహోన్నతుడవైన తండ్రీ, ఈ దినమున మాకు ఆహారమిచ్చినందుకు స్తోత్రములు. వండిన నీ దాసురాలికి ఉప్పు విషయమై వివేకము అనుగ్రహించుము" అని ముగించేవాడు. అమ్మ తక్కువ తినలేదు. తన వంతు రాగానే "దయగల తండ్రీ, వారమునుండి ఉప్పు తెమ్మని చెప్పుచున్నను తేని నీ దాసుని క్షమించుము, పక్కింట అప్పు తెచ్చిన ఉప్పు కల్లుప్పని నీకు తెలియును" అనేది. ఆ మీద నేను. నాకు పెద్దగా ఫిర్యాదులుండేవి కావు. చివర తమ్ముడు. వాడికి తెలుగు సరిగా రాదు, ప్రార్థనంతా హిందీలోనే. "హే ప్రభు, మమ్మీ కో ఆశీష్ దే, పప్పా కో భీ ఆశీష్ దే, ఔర్ దోనోం కో శాంతి దే, ఆమేన్" అని పంచాయితీ పెద్దలాగా తీర్పు చెప్పి లేచిపోయేవాడు.

మా క్వార్టరుకీ పక్కదానికీ మధ్య ఒకటే గోడ. ఆ పక్కన సింహాచలం మావయ్య ఉండేవాడు. విజయనగరం దగ్గరి వాడు, నాన్నతో పాటే కోక్ ఓవెన్లలో పని, ఇంట్లో అప్పన్న పటం పెట్టుకుని పూజలు చేసుకునేవాడు. భార్య పుట్టింటికెళ్లినప్పుడల్లా మా ఇంట్లోనే భోజనం. మా ప్రార్థనలన్నీ ఆయన గోడ అవతలినుంచి శ్రద్ధగా వినేవాడు. తెల్లారి కొళాయి దగ్గర కనిపించి "ఏటమ్మా, నిన్న మీ దేవుడు ఎవులి పచ్చం?" అని నన్నడిగేవాడు. "మీ అమ్మ మాంచి పాయింటు లాగింది గానీ, మీ నాన్న మొదట మాటాడీడం వల్ల ఆడికి లాబం" అని విశ్లేషణ చేసేవాడు. నేను సిగ్గుతో బకెట్టు నిండకుండానే ఎత్తుకుని వచ్చేసేదాన్ని.

ఇలా ఉండగా తాతయ్య పోయాడు. అమ్మ ఒక్కతే కూతురు. ఊళ్లో దినాలయ్యాక అమ్మమ్మని "నాలుగు రోజులుండి పోదువు గానీ రా" అని తనతో తీసుకొచ్చేసింది. నాలుగు రోజులని పైకి అందిగానీ, ఇంక పంపే ఉద్దేశం అమ్మకి లేదని నాకు తెలుసు. అమ్మమ్మకి ఊళ్లో ఉన్నది తాటాకిల్లు, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషంటూ లేదు. ఆవిడ మా ఇంటికి తెచ్చుకున్న సామాను ఒక సంచీ. అందులో రెండు చీరలు, ఎండు నెత్తళ్లు, కొత్త చింతపండు, గుడ్డలో చుట్టిన చుట్టల కట్ట. ఆ సంచీ విప్పగానే ఇల్లంతా సముద్రం ఒడ్డున ఉన్నట్టు వాసన వచ్చింది. తమ్ముడు ముక్కు మూసుకుని "యే క్యా హై?" అన్నాడు. నాకు మాత్రం ఆ వాసన ఎంతో నచ్చింది.

అమ్మమ్మ అడ్డపొగ తాగేది. మా శ్రీకాకుళం వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లోకి తిప్పి, పెదాలు మూసేస్తారు. బయటికి చుట్ట తోక మాత్రం కొంచెం కనిపిస్తుంది. గాలికి ఆరిపోదు, వానకి తడవదు, రెండు చేతులతో పనీ చేసుకోవచ్చు. అలా నోట్లో నిప్పు పెట్టుకునే అమ్మమ్మ బియ్యంలో రాళ్లేరేది, పెరడు ఊడ్చేది, నాకు జడ వేసేది. మొదటి రోజు నేను భయపడి ఏడిస్తే "ఓలి గుంటా, అదేటి సెయ్యదే, నాతో పెరిగిన నిప్పది" అని నవ్వింది. మంచి అలవాటని నేననను. అంగుడి అంతా కాలి గట్టిపడిపోయి ఉండేదని పళ్ల డాక్టరు తర్వాత చూపించాడు కూడా. కానీ ఆ ముక్కుల్లోంచి వచ్చే సన్నటి పొగా, సగం మూసిన కళ్లూ చూస్తూ కూర్చుంటే నాకు వేరే ఏ ఆటా గుర్తొచ్చేది కాదు.

ఇంకో సంగతి. అమ్మమ్మ కుటుంబ ప్రార్థనకి వచ్చేది గానీ తన వంతు రాగానే "నాదయిపోనాదమ్మా, పగలే మాటాడీసేను" అనేది. నిజమే. పొద్దున లేచినదగ్గర్నుంచీ ఆవిడ దేవుడితో మాట్లాడుతూనే ఉండేది. కళ్లు మూసుకోకుండా, చేతులు జోడించకుండా, పక్కింటివాళ్లతో మాట్లాడినట్టు. "ఓ బాబూ పెబువా, ఈ రేషను బియ్యంలో ఇన్ని రాళ్లేటి? ఏరలేక సస్తన్నాను, కాత్త కళ్లకి సూపియ్యి." "పెబువా, ఆ సింవాచలం పెళ్లాం కోపంగా సూసింది. నాకూ కోపవొచ్చింది. నా కోపం తీసీ ముందు, తరవాత ఆవిడది సూసుకుందుం." ఇలా. దేవుడు ఆవిడకి రాజని గానీ, సింహాసనమని గానీ ఎప్పుడూ అనలేదు. అడిగి చేసేది, చేశాక చెప్పేది. ఆయన వద్దంటున్నాడని ఇంకొకరితో చెప్పడం నేనెప్పుడూ వినలేదు.

ఆ మధ్యలోనే నాన్నని చర్చిలో సంఘ పెద్దగా ఎన్నుకున్నారు. దాంతో ఆయన నడకే మారిపోయింది. సంఘ పెద్ద ఇల్లు కొండమీది దీపంలాంటిదని, ఆ దీపం చుట్టూ చుట్ట పొగ ఉండకూడదని ఆయనకి తోచింది. తోచింది కాస్తా రెండు రోజుల్లో దేవుడి ఆజ్ఞ అయిపోయింది. ఒక సాయంత్రం డ్యూటీనుంచి వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే అమ్మతో "ఈ ఇల్లు దేవుడి ఆలయం. ఆలయంలో చుట్ట కూడదని ఆయన నాతో స్పష్టంగా చెప్పాడు. అత్తమ్మ చుట్టైనా మానాలి, ఊరైనా వెళ్లాలి" అన్నాడు.

"డెబ్బయ్యేళ్ల మనిషి ఇప్పుడేటి మానీది? ఊర్లో ఎవులున్నారు? నా నోటితో ఎల్లిపొమ్మని సెప్పమంటారా?" అంది అమ్మ.

"నేననడం లేదు. దేవుడంటున్నాడు."

"అయితే దేవుడే ఒచ్చి సెప్పమనండి" అని అమ్మ లోపలికి పోయింది. ఆరోజునుంచి నాన్నతో మాట్లాడ్డం మానేసింది.

మానేసిందంటే నిజంగానే మానేసింది. టిఫిన్ డబ్బా గుమ్మం దగ్గర పెట్టేది, నాన్న తీసుకుపోయేవాడు. కూరలో ఏముందో నన్నడిగి తెలుసుకునేవాడు. ఇంక వాళ్లిద్దరూ ఒకరి గొంతు ఒకరు వినేది ప్రార్థనలోనే. పప్పూ ఉప్పూ పోయి, ఆ ప్రార్థనలు హైకోర్టులో వాదనలైపోయాయి. "పరిశుద్ధుడవైన తండ్రీ, నీ ఆలయమును అపవిత్రపరచు ధూమమును తొలగించుము" అని నాన్న. "సర్వము ఎరిగిన తండ్రీ, నీ దాసుడు దినమంతయు ఏ ధూమములో నిలిచి మాకు అన్నము పెట్టుచున్నాడో నీకు తెలియును, ఆ మసి బనియన్లు ఉతుకుతున్నది ఎవులో కూడా నీకు తెలియును" అని అమ్మ. కోపమొస్తే అమ్మ గ్రాంథికంలోంచి జారిపోయి సొంత భాషలోకి వచ్చేసేది. మధ్యలో అమ్మమ్మ గోడకి చేరబడి, మోకాళ్లు రుద్దుకుంటూ, వీళ్లిద్దర్నీ మార్చి మార్చి చూసేది. కళ్లు తెరిచి దొంగచాటుగా చూసే నాకు ఆ మొహం ఇప్పటికీ కనిపిస్తుంది. నవ్వొస్తోందో ఏడుపొస్తోందో తెలిసేది కాదు. నాకు మాత్రం భయంగా ఉండేది. అమ్మమ్మ వెళ్లిపోతే జడ ఎవరు వేస్తారన్నది నా భయం. అమ్మా నాన్నా ఇలాగే ఉండిపోతే ఏమవుతుందన్న ఆలోచన నాకు రాలేదు, అది అమ్మమ్మకి వచ్చింది.

సంఘ పెద్ద అయినవాళ్లు మొదటి గృహ కూటం, అంటే ఇంట్లో జరిగే ప్రార్థన సభ, తమ ఇంట్లోనే పెట్టుకోవాలని ఆనవాయితీ. మంచం పెరట్లోకి పోయింది, చాపలు పక్కక్వార్టర్ల నుంచి వచ్చాయి, అమ్మ పెద్ద గిన్నెడు సెనగలు ఉడకేసి తాలింపు పెట్టింది. పాస్టరు గారు కొత్తగా వచ్చినాయన, గుంటూరు వైపు వాడు, చాలా నెమ్మదస్తుడు. సింహాచలం మావయ్య కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి గుమ్మం దగ్గర చోటు చూసుకున్నాడు. సెనగల కోసమని అందరికీ చెప్పాడు, నిజం నాకు తెలుసు. అమ్మమ్మ మాత్రం పెద్దల మధ్య కూర్చోలేక పెరట్లో సిగ్డీ పక్కన కూర్చుంది. పాటలయ్యాయి, బైబిలు వాక్యమైంది. ఇంటివారు ప్రార్థన చేయాలన్నారు పాస్టరు గారు. సరిగ్గా అప్పుడే పెరటి వైపునుంచి ఒక గాలి తెర వచ్చింది. దాంతో పాటు వాసన.

నాన్న గొంతు సవరించుకుని మామూలుగానే మొదలుపెట్టాడు. "ప్రభువా, ఈ గృహములోనికి వచ్చు ప్రతి దుర్వాసనను నీ శక్తిచేత కొట్టివేయుము" అనగానే, ఎందుకన్నాడో తెలియని సంఘమంతా "ఆమేన్" అంది. నాన్నకి ఊపొచ్చింది. "నీ ఆజ్ఞను ధిక్కరించు హృదయములను వంచుము" అన్నాడు. "ఆమేన్! స్తోత్రం!" అంది సంఘం. తర్వాత అమ్మ వంతు. జనం ముందు అమ్మ ఊరుకుంటుందనుకున్నాను. అలవాటు ఎంత పనైనా చేయిస్తుంది. "తండ్రీ, దుర్వాసన చుట్టదో గర్వానిదో నీ ముక్కుకి తెలియకపోదు" అంది అమ్మ. "ఆమేన్!" అంది అదే సంఘం, అంతే గట్టిగా. "నీ పేరు చెప్పి తన మాట చెల్లించుకునీవారిని నువ్వే సూసుకో" అంది. "స్తోత్రం!" అన్నారు. గుమ్మం దగ్గర సింహాచలం మావయ్య అందరికన్నా గట్టిగా అన్నాడు. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. ఆ పాటికి ముందు వరసలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కళ్లు తెరిచి ఒకరినొకరు చూసుకుంటున్నారు.

పాస్టరు గారు నెమ్మదస్తుడే గానీ తెలివితక్కువవాడు కాదు. మాట తప్పించడానికని "ఇంట్లో పెద్దమ్మగారున్నారటగా, వారిని కూడా పిలవండి, ఒక మాట ప్రార్థిస్తారు" అన్నాడు. నేను పరుగెత్తుకెళ్లి అమ్మమ్మని చెయ్యి పట్టుకుని తెచ్చాను. ఆవిడ పెదాలు మూసుకుని, కొంగు నిండా కప్పుకుని, గుమ్మంలో నిలబడింది. "ప్రార్థించండమ్మా" అన్నాడు పాస్టరు గారు. అమ్మమ్మ తలూపింది. నోరు తెరవలేదు. "సిగ్గుపడకండి" అన్నాడాయన. అమ్మమ్మ ముక్కుల్లోంచి సన్నగా పొగ వచ్చింది. పాస్టరు గారు కళ్లు నులుముకున్నాడు. ఇంక తప్పదని అమ్మమ్మ నోట్లోంచి చుట్ట తీసింది, ఎర్రగా మండుతున్న కొస ముందు బయటికొచ్చింది. అడ్డపొగ ఎన్నడూ చూడని ఆ గుంటూరు మనిషి "అమ్మో! నిప్పు! నోట్లో నిప్పు!" అని వెనక్కి పడి, చేతికందిన మంచినీళ్ల చెంబు ఎత్తాడు. సింహాచలం మావయ్య ఆ చెయ్యి పట్టుకోకపోతే అమ్మమ్మ మీద కుమ్మరించేవాడే. పిల్లలందరం పొట్ట పట్టుకుని నవ్వాం. నాన్న మాత్రం తలెత్తలేదు.

ఆ నవ్వులు పూర్తిగా ఆగకముందే అమ్మమ్మ మాట్లాడ్డం మొదలుపెట్టింది. చుట్ట చేతిలో కొంగు చాటున పెట్టుకుంది, కళ్లు తెరిచే ఉన్నాయి. "బాబూ పెబువా, నీకు తెలీందేటున్నాది. ఈలిద్దరూ నీతో సెప్పీవన్నీ ఒకలితో ఒకలు సెప్పుకునీలాగ సెయ్యి. నీకూ కాత్త సుకంగా ఉంటాది. నా ఊసు ఒగ్గీ. నానెల్లిపోతాను. ఈ గుంటలికి అమ్మా అయ్యా మాటాడుకున్నట్టు ఇనపడితే నాకు సాలు. ఆమెను." ఈసారి సంఘంనుంచి ఆమేన్ రాలేదు. ఎటు చూడాలో తెలియక అందరూ చాపల వంక చూస్తున్నారు. ఎప్పటికో గుమ్మం దగ్గర సింహాచలం మావయ్య మెల్లిగా "ఆమేన్" అన్నాడు. 

నాన్న వీక్లీ ఆఫ్ రోజున అమ్మమ్మ ప్రయాణం. ఎవరూ వెళ్లమనలేదు, ఎవరూ ఉండమనలేదు. అమ్మ సంచీ సర్దుతూ ఏడ్చింది, నాన్న వైపు చూడలేదు. మా భిలాయి వాళ్లకి ఒక అలవాటుంది. ఆంధ్రా వైపు ప్యాసింజరు మా పవర్ హౌస్ స్టేషన్లోనూ ఆగుతుంది, కానీ అక్కడికొచ్చేసరికి సీటుండదు. కాబట్టి మినీ బస్సులో వెనక్కి దుర్గ్ దాకా పోయి, అక్కడ ఖాళీ బండిలో కిటికీ పక్కన దర్జాగా కూర్చుని, మళ్లీ మా ఊరి మీదుగానే వెళ్తాం. నాన్న అమ్మమ్మనీ నన్నూ అలాగే తీసుకెళ్లాడు. అమ్మమ్మని కిటికీ పక్కన కూర్చోబెట్టి, మేమిద్దరం పవర్ హౌస్ దాకా అదే బండిలో వచ్చి దిగిపోవాలని ఏర్పాటు.

బండి కదిలింది. అమ్మమ్మ అలవాటు కొద్దీ బొడ్లోంచి చుట్ట తీసింది, ఎదురుగా అల్లుణ్ణి చూసి మళ్లీ దోపుకుంది.

"కాల్చుకో అత్తమ్మా" అన్నాడు నాన్న.

"వొద్దులే బాబూ. దేవుడికి కోపం వత్తాది."

నాన్న కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. దూరంగా చిమ్నీలు కనిపిస్తున్నాయి. బండి భిలాయి నగర్‌లో ఆగి, మళ్లీ బయల్దేరింది. పవర్ హౌస్ వచ్చేస్తోంది. అప్పుడు అటే చూస్తూ అన్నాడు. "దేవుడికి రాలేదు అత్తమ్మా, కోపం. నాకొచ్చింది."

అమ్మమ్మ అల్లుడి మొహంలోకి చూసింది. "నీకొత్తే పర్నేదు బాబూ. పిల్లనిచ్చిన కాణ్ణించీ సూత్తనే ఉన్నాను" అంది.

నాన్న నవ్వాడు. ముందు ఆపుకోబోయి, ఆపుకోలేక, కళ్లవెంట నీళ్లొచ్చేదాకా నవ్వాడు. చివర్లో అది నవ్వు కాదు, నేను భయపడి చెయ్యి పట్టుకున్నాను. పవర్ హౌస్‌లో బండి ఆగగానే లేచి, సీటు కిందనుంచి అమ్మమ్మ సంచీ లాగి భుజాన వేసుకున్నాడు. "అదేటి బాబూ, నా సంచీ!" అని అమ్మమ్మ. "దిగు అత్తమ్మా" అని నాన్న. "ఊరి దాకా టిక్కెట్టు కొన్నావు కదా, దండగైపోదేటి?" అని ఆవిడ కిటికీ ఊచ పట్టుకుని కూర్చుంది. ఎదురు సీట్లో బుట్టతో కూర్చున్న ఛత్తీస్‌గఢీ ఆవిడకి మా భాష ముక్క రాకపోయినా విషయమంతా అర్థమైంది. "ఉతర్ దాయీ, జల్దీ ఉతర్, బేటా బులావత్ హే" అంటూ వెనకనుంచి ఒక్క తోపు తోసింది. కొడుకు కాదు అల్లుడని చెప్పే టైము మాకు లేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. సంచీతో నాన్ననీ, వెనక అమ్మమ్మనీ చూసి కదలకుండా ఉండిపోయింది. నాన్న సంచీ కింద పెట్టాడు. అప్పుడు నేరుగా అమ్మ మొహంలోకి చూస్తూ "అత్తమ్మ ఇంక మన దగ్గరే ఉంటే బాగుంటుందనుకుంటున్నాను. నువ్వేటంటావు?" అన్నాడు. అమ్మది అలవాటు పడిపోయిన ప్రాణం. చటుక్కున కళ్లు మూసుకుని "దయగల తండ్రీ" అంది.

"తండ్రిని కాదే, నిన్నడుగుతున్నాను" అన్నాడు నాన్న.

అమ్మ కళ్లు తెరిచింది. "ముందు కాళ్లు కడుక్కోండి. అన్నం చల్లారిపోతన్నాది" అంది.

ఆ తర్వాత మా ఇంట్లో కొన్ని మార్పులొచ్చాయి. అమ్మమ్మ చుట్ట మానలేదు, పెరట్లో బొప్పాయి చెట్టు కింద కాల్చుకునేది. గేటు దగ్గర సంఘం వాళ్లు కనబడితే నాన్నే గబగబా లోపలికొచ్చి "అత్తమ్మా, పాస్టరు గారొస్తన్నారు, ఆయన చేతికి చెంబు అందనీకు" అని కేకేసేవాడు. "నాకిష్టం లేదు" అన్న మాట నాన్న నోట మొదటిసారి వినడం మొదలుపెట్టాం. తమ్ముడి ప్యాంటు నాకిష్టం లేదు, ఆనపకాయ నాకిష్టం లేదు. దేవుడికిష్టం లేదన్నదానికంటే అది వినడానికి తేలిక, కాదనడానికి ఇంకా తేలిక. మేం చాలావాటికి కాదన్నాం. నాన్న కొన్నిటికి కోప్పడ్డాడు, కొన్నిటికి ఊరుకున్నాడు. కోప్పడ్డ రోజున మాత్రం పెరట్లోకి పోయి, బొప్పాయి చెట్టు వైపు మొహం పెట్టుకుని, ఎవరికీ వినబడకుండా ఏదో గొణుక్కుని వచ్చేవాడు. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాడని నా అనుమానం.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరమూ మోకాళ్లూనం. మోకాళ్లు అరిగిపోయాయని నేను, టైము లేదని మా అమ్మాయి. దానికి నా మీద కోపమొస్తే ఫోను స్టేటస్‌లో ఓర్పు గురించి ఒక బైబిలు వాక్యం పెడుతుంది. నేను చూసి, తల్లిదండ్రులకి విధేయత గురించి ఇంకో వాక్యం పెడతాను. కింద బంధువులందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టి ఆమేన్ అంటారు, ఇద్దరికీ. ఎదురెదురు గదుల్లో కూర్చుని చేస్తాం ఈ పని. నాటికీ నేటికీ తేడా ఏమిటంటే, మమ్మల్ని దుర్గ్ దాకా తీసుకెళ్లి ఒకే బండిలో ఎదురెదురుగా కూర్చోబెట్టేవాళ్లు లేరు. దేవుణ్ణి ఇంటికి రాజుని చేయడం పెద్ద కష్టమేం కాదు, ఆ పని నేనూ చేశాను, ఈ ఇంటికి యజమాని దేవుడేనని గోడ మీద రాయించి మరీ. నాకొచ్చిన కోపం నాదని ఒప్పుకుని ఆయన ముందు పెట్టడమే ఇంతవరకూ సరిగా చేతకాలేదు. ఆ బిహారు ఆవిడ గదిలో కూర్చుని ఇదంతా తలుచుకుంటుంటే, అమ్మమ్మ దిగివచ్చిన ఆ సాయంత్రం కళ్ల ముందుకొచ్చింది.

ఆ సాయంత్రం కూడా మామూలుగానే చాప పరిచారు. అందరం మోకాళ్లూని కళ్లు మూసుకున్నాం. నాన్న గొంతు సవరించుకున్నాడు. తర్వాత "తండ్రీ, ఇవాళ నాకేం చెప్పాలో తెలీడం లేదు. నువ్వే చెప్పు, వింటాను" అన్నాడు. అంతే. ఎప్పుడూ అరగంటకి తక్కువ చెయ్యని మనిషి కదా, ఇంకా ఉందనుకుని నేనూ తమ్ముడూ కళ్లు గట్టిగా మూసుకుని అలాగే ఉండిపోయాం. మోకాళ్లు నొప్పెట్టాయి. ఎంతకీ ఆమేన్ రాలేదు. చివరికి నేను ఒక కన్ను తెరిచాను. చాప మీద మేమిద్దరమే ఉన్నాం. పెరట్లోంచి మాటలు వినబడుతున్నాయి, అమ్మ ఏదో చెప్తోంది, నాన్న "ఊఁ, ఊఁ" అంటూ వింటున్నాడు.